చమురు బావి రేపు ఎంత ఇస్తుంది? కంప్యూటరు అంచనాలో వర్తకులు చూడవలసినవి

ముడి చమురు వాయిదా వ్యాపారంలో ఉన్నవారికి వచ్చే నివేదికలలో కొంతకాలంగా ఒక కొత్త మాట తరచు కనిపిస్తున్నది. ఫలానా క్షేత్రంలో రాబోయే సంవత్సరాల ఉత్పత్తిని 'మెషిన్ లెర్నింగ్' పద్ధతిపై అంచనా కట్టినట్లు, ఆ పద్ధతిని పరీక్షించి చూడగా నూటికి 95 పాళ్లు, 98 పాళ్లు సరిపోయినట్లు వాటిలో రాస్తున్నారు. పాత లెక్కలను కంప్యూటరుకు ఇచ్చి, వాటిలోని పోకడను అదే పట్టుకొని రాబోయేది చెప్పేటట్లు చేయడమే ఈ పద్ధతి. వినడానికి బాగానే ఉన్నది. అయితే ఆ 98 పాళ్లు దేనికి వచ్చిన మార్కులో తెలుసుకోకుండా సరుకు కొనడం గాని అమ్మడం గాని క్షేమం కాదు.

అంచనా తప్పితే ఏమవుతుందో మన కోస్తా వారికి వేరే చెప్పనవసరం లేదు. కాకినాడకు ఎదురుగా సముద్రంలో ఉన్న కె.జి.-డి6 బ్లాకులో రిలయన్స్ కంపెనీ 2002లో గ్యాసు కనుగొన్నది. డి1, డి3 అనే నిక్షేపాల నుంచి 2009 ఏప్రిల్‌లో గ్యాసు రావడం మొదలయింది. రోజుకు 8 కోట్ల ఘన మీటర్లు వస్తుందని ప్రణాళిక. 2010-11లో బ్లాకు మొత్తంమీద సగటున 5.6 కోట్ల ఘన మీటర్ల వరకు వచ్చింది. మరుసటి సంవత్సరం సుమారు 4.3 కోట్లు, ఆ పైన 2.6 కోట్లు, 2013-14లో 1.4 కోట్లు. 2020 ఫిబ్రవరిలో ఆ రెండు నిక్షేపాల ఉత్పత్తి పూర్తిగా ఆగిపోయింది. భూగర్భ స్వరూపం అనుకున్నదానికంటే చిక్కుగా ఉన్నదని కంపెనీ, అనుమతించినన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వ పక్షం వాదించుకొని వ్యవహారం మధ్యవర్తిత్వం దాకా వెళ్లింది. ఈ వాదోపవాదాల మధ్య గోదావరి జిల్లాలలో ఆ గ్యాసును నమ్ముకొని కట్టిన విద్యుత్ కేంద్రాలకు 2013 నుంచి అక్కడి గ్యాసు అందడం నిలిచిపోయింది. టర్బైన్లు ఉన్నవి, బ్యాంకు అప్పు ఉన్నది, గ్యాసు లేదు. ఆ బ్లాకులోనే వేరే నిక్షేపాల నుంచి 2020 డిసెంబరులో ఉత్పత్తి మళ్లీ మొదలయినప్పటికీ, మొదటి అంచనాను పట్టుకొని పెట్టుబడి పెట్టినవారికి పోయిన సంవత్సరాలు తిరిగి రాలేదు.

తప్పు ఎప్పుడూ ఒక వైపే జరుగుతుందని కూడా అనుకోరాదు. నార్వే దేశానికి చెందిన ఉత్తర సముద్రంలో వాల్వ్ అనే చిన్న క్షేత్రం ఉన్నది. అది మూడు నుంచి ఐదు సంవత్సరాలు నడుస్తుందని మొదట లెక్క వేశారు. 2008 ఫిబ్రవరిలో మొదలయి 2016 సెప్టెంబరు వరకు, అంటే ఎనిమిదేళ్లకు పైగా నడిచింది. మొత్తం 6.3 కోట్ల బారెళ్లు ఇచ్చి, లోపల ఉన్న చమురులో నూటికి 54 పాళ్లు బయటికి వచ్చిన తరువాతనే మూతబడింది. ఇక్కడ అంచనా తక్కువయింది.

తరుగుదల లెక్క

కంప్యూటర్లు రాక పూర్వం నుంచీ చమురు కంపెనీలు వాడుతున్న లెక్క ఒకటి ఉన్నది. జె.జె. ఆర్ప్స్ అనే ఇంజనీరు 1945లో దానిని ఒక పద్ధతిలో పెట్టారు. బావి మొదట జోరుగా ఇస్తుంది, లోపలి ఒత్తిడి తగ్గినకొద్దీ ధార తగ్గుతుంది. ఆ తగ్గుదలను కాగితంమీద గీసి, గీతను ముందుకు పొడిగించి రాబోయే సంవత్సరాల ఉత్పత్తి చెబుతారు. బి.కాం. చదివినవారికి ఇది కొత్త కాదు. యంత్రాల తరుగుదలను తగ్గుతున్న విలువ పద్ధతిపై లెక్కకట్టినట్లే, మిగిలినదానిమీద ఏటా ఇంత శాతం చొప్పున కోసివేయడమే.

చిక్కు ఏమిటంటే అన్ని బావులూ ఆ ప్రకారం తరగవు. కొన్నింటిలో తరుగు శాతమే ఏడాదికేడాదికి తగ్గుతూ పోతుంది. ఒక ఉదాహరణ చూడండి. రెండు బావులు, రెండూ రోజుకు 1,000 బారెళ్లతో మొదలయినవి. రెండూ ఏడాది చివరకు 900కు వచ్చినవి. మొదటిది ఏటా నూటికి 10 చొప్పున తరిగే రకం. రెండవది నెమ్మదించే రకం. రెండవ ఏట మొదటి బావి 810, రెండవది 818. ఈ ఎనిమిది బారెళ్ల తేడా కొలత పొరపాట్లలోనే కలిసిపోతుంది. పదవ ఏటికి వచ్చేసరికి మొదటిది 349, రెండవది 474. ఇరవయ్యవ ఏట మొదటిది 122 మాత్రమే, రెండవది 310.

అంటే మొదటి రెండేళ్ల లెక్క చూసి ఇది ఏ రకం బావో చెప్పడం కష్టం. బావి మొత్తం విలువ మాత్రం అది ఏ రకం అన్నదానిపైననే ఆధారపడి ఉన్నది. షేరు అమ్మదలచిన కంపెనీ ఏ గీతను ఎన్నుకుంటుందో ఊహించడం కష్టం కాదు.

గీతను మనిషి ఎన్నుకోవడం కంటే యంత్రానికి వదిలివేస్తే పక్షపాతం ఉండదు గదా అన్న ఆశ మెషిన్ లెర్నింగ్ వాడకానికి ఒక కారణం. రెండవ కారణం ఖర్చు. భూగర్భ పొరను గళ్లు గళ్లుగా విడదీసి, చమురు, నీరు, గ్యాసు ఒక గడి నుంచి మరొక గడికి ఎట్లా కదులుతాయో లెక్కవేసే పెద్ద ప్రోగ్రాములు కంపెనీల దగ్గర చిరకాలంగా ఉన్నవి. ఒక్కొక్క లెక్కకు గంటలు, పెద్ద క్షేత్రమయితే రోజులు పడుతుంది. వాటిని పాత ఉత్పత్తితో సరిపోల్చి దిద్దడానికి నెలలు కావాలి. పాత ఫలితాలు నేర్చిన యంత్రం నిమిషాలలో జవాబు ఇస్తుంది.

నార్వే వారి చిట్టా

ఈ పద్ధతి బాగోగులు బయటివారు చూడడానికి వీలు కల్పించినది పైన చెప్పిన వాల్వ్ క్షేత్రమే. దానిని నడిపిన నార్వే కంపెనీ ఈక్వినార్, 2018లో ఆ క్షేత్రపు లెక్కలన్నింటినీ లోకానికి విడుదల చేసింది. సుమారు 40,000 ఫైళ్లు. చమురు కంపెనీలు తమ చిట్టా ఆవర్జాలను ఇట్లా బయట పెట్టడం అరుదు. అప్పటి నుంచి ప్రపంచంలోని విశ్వవిద్యాలయాలవారు వాల్వ్‌ను బడిపిల్లల పలకలాగా వాడుకుంటున్నారు.

రోజువారీ ఉత్పత్తి పట్టికలో ఏడు బావుల లెక్క ఉన్నది. ఒక్కొక్క రోజుకు ఒక వరుస. బావి ఆ రోజు ఎన్ని గంటలు నడిచింది, అడుగున ఒత్తిడి ఎంత, వేడి ఎంత, బావి మూతి దగ్గర ఒత్తిడి ఎంత, ధారను అదుపుచేసే చోక్ వాల్వును ఎంత తెరిచారు, చమురు, గ్యాసు, నీరు ఎంతెంత వచ్చినవి, ఒత్తిడి నిలపడానికి లోపలికి నీరు ఎంత ఎక్కించారు అన్న వివరాలు వరుసగా ఉంటాయి. యంత్రానికి ఇచ్చే పాఠం ఇదే.

యంత్రం నేర్చుకొనే తీరులు అనేకం. ఒక తీరులో ఒత్తిడి ఇంతకు మించితే ఇటు, తగ్గితే అటు అని ప్రశ్నలు కొమ్మలుగా చీలుతూ పోతాయి. ఇటువంటి వందల చెట్లు వేసి వాటి జవాబుల సగటు తీస్తారు. ర్యాండమ్ ఫారెస్ట్ అని దీని పేరు. ఇది బాగా ప్రచారంలో ఉన్నది గాని, వర్తకుడు గుర్తుంచుకోవలసిన లోపం ఒకటి ఇందులో ఉన్నది. చెట్టు చెప్పే జవాబు తాను చూసిన అంకెల సగటు మాత్రమే. 1,000 నుంచి 500 వరకు పడిన బావిని చూపించి ఊరుకుంటే, ఆ ఉత్పత్తి అంకెనే నేర్చిన చెట్టు 400 అని ఎన్నడూ చెప్పలేదు. తరిగిపోవడమే స్వభావమయిన సరుకుకు ఇది ఎంత చిక్కో వేరే చెప్పాలా? తెలిసినవారు ఉత్పత్తికి బదులు తరుగుదల శాతాన్ని నేర్పడం వంటి ఉపాయాలు చేస్తారు. తెలియనివారు చేయరు. నివేదికలో రెండూ ఒకే పేరుతో ఉంటాయి.

మరొక తీరు గడచిన రోజుల వరుసను గుర్తుంచుకొనే రకం. ఎల్.ఎస్.టి.ఎం. అంటారు. 1997లో వచ్చిన ఆలోచన. నిన్న మొన్నటి పోకడను ఇది బాగా పట్టుకుంటుంది.

సోమవారం, బుధవారం తెలిస్తే మంగళవారం

ఇప్పుడు 98 పాళ్ల సంగతికి వద్దాము. యంత్రం నేర్చుకున్నదో లేదో చూడడానికి లెక్కలో కొంత భాగం దాచి పెట్టి, మిగిలినది నేర్పి, దాచినదానిని చెప్పమంటారు. న్యాయమయిన పరీక్షే. అయితే ఏ భాగం దాచారన్నది ముఖ్యం. కొందరు మూడువేల రోజుల లెక్కను పేకముక్కల్లాగా కలిపి, అక్కడొక రోజు, ఇక్కడొక రోజు తీసి దాస్తారు. అప్పుడు యంత్రానికి సోమవారం ఉత్పత్తి, బుధవారం ఉత్పత్తి ముందే తెలుసు. మంగళవారం ఎంత అని అడుగుతున్నారన్న మాట. గుంటూరు యార్డులో మిర్చి ధర సోమవారం ఎంతో, బుధవారం ఎంతో తెలిసిన గుమాస్తా కూడా మంగళవారం ధర నూటికి 98 పాళ్లు చెప్పగలడు. అందుకు జీతం ఎవరూ పెంచరు.

పరీక్ష కాలం ప్రకారం జరగాలి. 2013 చివరి వరకు నేర్పి, 2014 నుంచి చెప్పమనాలి. ఇట్లా చేసేటప్పటికి మార్కులు పడిపోవడం సహజం. పడిపోయిన ఆ మార్కులే అసలు మార్కులు.

ఇంతకంటే సన్నని మోసం మరొకటి ఉన్నది. మోసం అనడం కంటే ఏమరుపాటు అనడం న్యాయమేమో. యంత్రానికి ఇచ్చే వివరాలలో బావి ఆ రోజు నడిచిన గంటలు, ఆ రోజు వాల్వు తెరిచిన మేర, ఆ రోజు ఒత్తిడి ఉన్నవి గదా. రోజుకు 24 గంటలు నడిచే బావి 12 గంటలే నడిస్తే చమురు సుమారు సగం వస్తుంది. ఇది చెప్పడానికి భూగర్భ శాస్త్రం అక్కరలేదు. వచ్చే సంవత్సరం మార్చి 10న బావి ఎన్ని గంటలు నడుస్తుందో, వాల్వు ఎంత తెరుస్తారో ఈనాడు ఎవరికి తెలుసు? అదే రోజు వివరాలు ఇచ్చి అదే రోజు ఉత్పత్తి చెప్పించుకోవడం కొలతే అవుతుంది గాని జోస్యం కాదు. కొలత మీటరు చెడినప్పుడు ఇంజనీరుకు అది ఎంతో ఉపయోగం. ఆరు నెలల వాయిదా తీసుకొనే వర్తకుడికి ఉపయోగం లేదు.

మరి ఎంత మార్కు వస్తే మంచి యంత్రం అనాలి? దీనికి తేలిక కొలబద్ద ఉన్నది. 'రేపు కూడా నేటిలాగే' అని ఊరికే చెప్పేవాడిని పక్కన నిలబెట్టండి. నడుస్తున్న బావి ఒక్క రోజులో పెద్దగా మారదు కాబట్టి ఈ సోమరి జోస్యానికి కూడా మంచి మార్కులే వస్తాయి. దూరపు అంచనాకయితే ఆర్ప్స్ గీతను పోటీకి పెట్టండి. ఈ రెంటినీ ఎంత మేరకు ఓడించిందో చెప్పని నివేదికను పక్కన పెట్టడమే మంచిదని ఈ రచయిత అభిప్రాయం.

ఒత్తిడి చెప్పే మాట

ఉత్పత్తి అంకెలలో లేనిది ఒత్తిడిలో ఉంటుంది. ఆస్పత్రులలో వాడే ఆక్సిజన్ సిలిండరును తీసుకోండి. (వంట గ్యాసు సిలిండరు పనికిరాదు, దానిలో ఉన్నది ద్రవం.) ముల్లు 200 దగ్గర ఉన్నది. కిలో గ్యాసు తీయగా 180కి వచ్చింది. అయితే సిలిండరులో మొదట ఉన్నది 10 కిలోలు. అదే కిలో తీయగా 150కి పడితే ఉన్నది 4 కిలోలే. రెండు సందర్భాలలోనూ బయటికి వచ్చిన ధార ఒకటే. భూగర్భ గ్యాసుకు కూడా కొద్దిపాటి సవరణలతో ఇదే లెక్క వర్తిస్తుంది. నీరు పక్కనుంచి లోపలికి తోసుకు వచ్చే చోట్ల మాత్రం ఈ లెక్కను జాగ్రత్తగా చూడాలి.

కె.జి.-డి6లో 2009 నుంచి 2010 వరకు ఉత్పత్తి పెరుగుతూ వచ్చింది. ఆ నెలల ఉత్పత్తి అంకెలు మాత్రమే ఇచ్చి ఉంటే ఎంత గొప్ప యంత్రమయినా పెరుగుదలనే చదివి ఉండేది. తరువాత కొన్ని బావులలోకి నీరు, ఇసుక చేరి వాటిని మూయవలసి వచ్చింది. ఒక్కసారి కూడా నీరు చేరని బావుల లెక్క చదివిన యంత్రానికి నీరు అనే మాటే తెలియదు. వాల్వ్‌లో దీనికి విరుద్ధం. ఎక్కించిన నీరు చమురును తోసుకుంటూ వచ్చి, చివరి సంవత్సరాలలో కొన్ని బావుల నుంచి చమురు కంటే నీరే ఎక్కువ వచ్చింది. ఆ చిట్టా చదివిన యంత్రానికి నీరు తెలుసు. అయితే దానికి తెలిసినది నార్వే నీరు. మరొక పొరలో నీరు ఎప్పుడు, ఏ దారిన వస్తుందో ఆ చిట్టాలో రాసి లేదు.

ఈ కారణంచేత ఇప్పుడు భౌతిక శాస్త్ర నియమాలను కూడా యంత్రంలో ఇమిడ్చి, వచ్చిన సరుకు, మిగిలిన సరుకు కలిపితే మొదటి నిల్వకు సమానం కావాలన్న నిబంధన పెట్టి నేర్పించే ప్రయత్నాలు జరుగుతున్నవి. జమాఖర్చు సరిపోని లెక్కను గుమాస్తా నుంచి తీసుకోనట్లే ఇది. ఈ రకం అంచనాలకు కొంచెం ఎక్కువ విలువ ఇవ్వవచ్చును.

షేల్ బావుల సంగతి

యంత్రం బాగా పనిచేసే చోటు ఒకటి ఉన్నది. అమెరికాలో రాతిపొరలను పగులగొట్టి తీసే షేల్ చమురుకు వేలకు వేలు బావులు. ఒక్కొక్క బావి మొదటి సంవత్సరంలోనే సగానికి మించి పడిపోవడం మామూలు. పక్క పక్కన ఒకే మాదిరి బావులు అన్ని ఉండడంచేత, కొత్త బావి ఎట్లా నడుస్తుందో పాత బావులను చూసి చెప్పడం యంత్రానికి తేలిక. ఒక బావి విషయంలో తప్పినా వంద బావుల మొత్తం దగ్గరగా వస్తుంది. బీమా కంపెనీ ఒక మనిషి ఆయుష్షు చెప్పలేకపోయినా లక్షమంది లెక్క చెప్పగలిగినట్లు.

అక్కడ కూడా చీకటి కోణం లేకపోలేదు. 2019 జనవరిలో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక వేలాది షేల్ బావుల లెక్కలు తీసి, కంపెనీలు మదుపుదారులకు చెప్పినదానికంటే అవి మొత్తంమీద సుమారు నూటికి 10 పాళ్లు తక్కువ ఇచ్చే దారిలో ఉన్నవని రాసింది. కారణాలలో ఒకటి గమనించదగినది. మంచి చోట్ల మొదట తవ్విన దానిని తల్లి బావి అని, దాని పక్కనే తరువాత తవ్విన దానిని పిల్ల బావి అని అమెరికన్లు అంటారు. తల్లి అప్పటికే ఒత్తిడి లాగివేయడంచేత పిల్లకు తక్కువ వస్తుంది. తల్లి బావుల చిట్టా మాత్రమే చదివిన యంత్రం పిల్ల బావికి కూడా తల్లి పంటే రాస్తుంది.

ముడి చమురు వేరు, గ్యాసు వేరు

ఇంతకూ ఒక క్షేత్రం అంచనా మన చేతిలోని సరుకు ధరను కదిలిస్తుందా? ముడి చమురు విషయంలో చాలావరకు కదిలించదు. ప్రపంచం రోజుకు 10 కోట్ల బారెళ్లకు పైగా వాడుతున్నది. ఏదో ఒక క్షేత్రంలో 20 వేల బారెళ్లు తగ్గినా పెరిగినా ధరకు చీమ కుట్టినట్లు కూడా ఉండదు. అమెరికా షేల్ మొత్తం అంచనా మారితే మాత్రం తేజీవారూ మందీవారూ ఇద్దరూ లేచి కూర్చుంటారు.

భూగర్భం లెక్క సరిగా ఉన్నంతమాత్రాన ధర లెక్క సరిపోతుందనీ లేదు. 2020 ఏప్రిల్ 20న అమెరికా డబ్ల్యు.టి.ఐ. మే కాంట్రాక్టు బారెల్‌కు మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది. ముంబాయి ఎం.సి.ఎక్స్.లో ఆ వాయిదాను మైనస్ రు. 2,884 వద్ద పరిష్కరించారు. 100 బారెళ్ల లాటుకు రు. 2,88,400 ఎదురు ఇచ్చుకోవడమన్న మాట. ఆ రోజు ఏ బావిలోనూ వింత జరగలేదు. కరోనా దెబ్బకు వాడకం పడిపోయి, కుషింగ్‌లో ట్యాంకులు దొరకలేదు, అంతే.

గ్యాసు సంగతి అట్లా కాదు. గొట్టం ఎక్కడి వరకు ఉన్నదో బేరం అక్కడి వరకే. ఆ గొట్టం మీద ఆధారపడిన ఎరువుల ఫ్యాక్టరీకి, విద్యుత్ కేంద్రానికి, పింగాణీ కార్ఖానాకు ఒక్క క్షేత్రం అంచనా ప్రాణసమానం. అటువంటి సంస్థలకు సరుకు అరువిచ్చేవారు, వాటి షేర్లు పట్టుకున్నవారు తమ క్షేత్రం అంచనాను ముడి చమురు వర్తకుడికంటే నిశితంగా చూడాలి.

నివేదికలో ఒక్క అంకె ఇస్తే ఒప్పుకోకండి. అంచనా వేయడం తెలిసినవారు మూడు అంకెలు ఇస్తారు. పి90 అంటే అంతకు తగ్గకుండా రావడానికి నూటికి 90 పాళ్లు అవకాశం ఉన్నదని. పి50 అంటే సగం సగం. పి10 అంటే అంత రావడానికి పది పాళ్లే అవకాశమని. అప్పు ఇచ్చేవాడు పి90 చూడాలి. షేరు అమ్మేవాడు పి10 చూపిస్తాడు.

ఓ.ఎన్.జి.సి. వారి కె.జి. లోతు సముద్రపు బ్లాకు 98/2లో తొలి చమురు 2024 జనవరిలో బయటికి వచ్చింది. గరిష్ఠంగా రోజుకు 45,000 బారెళ్లు వస్తుందని అప్పట్లో చెప్పారు. కేంద్ర పెట్రోలియం మంత్రిత్వ శాఖ దేశంలో చమురు, గ్యాసు ఉత్పత్తి లెక్కలను నెలనెలా ప్రకటిస్తుంది. నార్వేలోనయితే ప్రభుత్వ డైరెక్టరేట్ క్షేత్రాలవారీగా నెల లెక్కలు ఇస్తుంది. అంచనా పత్రం చేతికి వచ్చిన రోజు తేదీ దానిమీద వేసి దాచి, తరువాతి ఆరు నెలల అసలు అంకెలను పక్కన రాసుకుంటే, ఆ పత్రం పంపిన వారి యంత్రానికి ఎన్ని మార్కులు వేయాలో ఇంజనీరును అడగనవసరం ఉండదు.